కత్తి పని ఫోన్‌లో నేర్పొచ్చా? చికెన్ ప్లాంట్ ట్రైనింగ్ మీద నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: షాద్‌నగర్ దగ్గర కోళ్ల ప్రాసెసింగ్ ప్లాంట్, రెండు షిఫ్టులు, లైన్ మీద 180 మంది. సగానికి పైగా బిహార్, ఒడిశా, బెంగాల్ నుంచి కాంట్రాక్టర్ తెచ్చినవాళ్లు, మిగతావాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. పెద్ద కస్టమర్ ఆడిట్ దగ్గర పడుతోంది. క్లాసుల కోసం లైన్ ఆపనక్కర్లేదు కదా అని మీ ఓనర్‌గారు ఒక ఆన్‌లైన్ కోర్సుల ప్యాకేజీ కొనేద్దాం అంటున్నారు. అది సరిపోతుందా, దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒప్పుకుంటుందా, చదువు రానివాళ్లతో ఎలా చేయించాలి అన్నవి మీ సందేహాలు.

ప్యాకేజీ ఇప్పుడే కొనకండి. ఆన్‌లైన్ మీద నాకేమీ కోపం లేదు. వెటర్నరీ చదివి, క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో చాలాకాలం చేసి ఈ ట్రైనింగ్ పనిలోకి వచ్చాను. ఈ రోజుల్లో టాబ్లెట్, టీవీ లేకుండా నేను ఏ బ్యాచ్‌నీ మొదలుపెట్టను. కానీ ఆ ప్యాకేజీలో ఉన్నవి ఎక్కువగా హోటల్ కిచెన్‌ని చూపించి, ఇంగ్లిష్‌లోనో పుస్తకాల హిందీలోనో చెప్పే కోర్సులు. మీ లైన్ మీద పనికొచ్చే వీడియోలు మీ లైన్ మీదే తీయాలి. అవి తీయడానికీ, వాటిని చూపించి పక్కన నిలబడి నేర్పే సూపర్‌వైజర్ టైమ్‌కీ ఆ డబ్బు పెట్టండి. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఓనర్లు ముందు అడిగేది చట్టం గురించే కాబట్టి అది తేల్చేస్తాను. 2011 నాటి ఫుడ్ సేఫ్టీ లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4 ఉంది. ఆహారం ముట్టుకునే వాళ్లకి శిక్షణ ఉండాలని అది చెబుతుంది. మాంసం, కోళ్ల ప్లాంట్లకి అందులో నాలుగో భాగం విడిగా ఉంది. ఫోస్టాక్ అనే శిక్షణ కార్యక్రమాన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో తెచ్చింది. దాని ప్రకారం ప్రతి 25 మంది ఫుడ్ హ్యాండ్లర్లకి ఒక సర్టిఫైడ్ ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ ఉండాలి, మిగిలిన కొసరుకి కూడా ఒకరు. మీ 180కి ఎనిమిది మంది అవుతారు. ఆ ఎనిమిది మందినీ పగటి షిఫ్టులోనే పెట్టుకుని రాత్రిని గాలికి వదిలేస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది గానీ ఆడిటర్ దగ్గర దొరికిపోతారు. ఫోస్టాక్‌లో మాంసం, కోళ్ల పనికి స్పెషల్ కోర్సు ఉంది, ఆన్‌లైన్ బ్యాచ్‌లు కూడా నడుస్తాయి. సర్టిఫికెట్ గడువు రెండేళ్లు. ఆ సర్టిఫికెట్ తెచ్చుకున్న సూపర్‌వైజర్ తిరిగొచ్చి తన కింద ఉన్నవాళ్లకి నేర్పాలన్నదే ఆ ఏర్పాటులోని అసలు ఉద్దేశం. అంటే 180 మందికీ లాగిన్లు కొనిమ్మని ఎవరూ అడగడం లేదు. కొంటే తప్పూ కాదు, కొన్నంత మాత్రాన ఈ ఎనిమిది మంది లెక్క తీరదు.

ఇక అసలు విషయం. స్క్రీన్ బాగా పనిచేసేది కంటితో చూసి గుర్తుపట్టే పనులకి. కమిలిన మచ్చలు తీసుకోండి. ఈకలు తీశాక రెక్క మీదో, తొడ మీదో, రొమ్ము మీదో కమిలిన చోటు కనిపిస్తుంది. దాని రంగు చూస్తే దెబ్బ ఎప్పుడు తగిలిందో సుమారుగా చెప్పొచ్చు. తాజా దెబ్బ ఎర్రగా ఉంటుంది. పన్నెండు గంటలు గడిస్తే ముదిరి ఊదా రంగుకి తిరుగుతుంది. ఒక రోజు గడిస్తే ఆకుపచ్చ ఛాయ వస్తుంది, ఆ తర్వాత పసుపు కలుస్తుంది. కోళ్లు పట్టడం రాత్రి జరిగి తెల్లారేసరికి లైన్ మీదికి వస్తాయి కాబట్టి, ఎర్ర మచ్చలన్నీ పట్టే బ్యాచ్‌దో, లారీదో, మీ దగ్గర కోళ్లని లైన్‌కి తగిలించే హ్యాంగింగ్ వాళ్లదో. పచ్చ మచ్చలైతే ఫామ్‌లోనే తగిలినవి. ఇదంతా మాటల్లో చెబితే సాయంత్రానికి మర్చిపోతారు. మీ లైన్ మీద తీసిన పాతిక ఫొటోలు టాబ్లెట్‌లో పెట్టి, 'ఇది ఎక్కడ తగిలిన దెబ్బ?' అని ఒక్కొక్కటీ అడిగితే బడికి వెళ్లనివాళ్లు కూడా రెండో రోజుకి టకటకా చెప్పేస్తారు.

పైగా ఆ ఫొటోలు ప్లాంట్ గోడలు దాటి వెళ్లగలవు. కోళ్లు పట్టేవాళ్లు మీ క్లాసులోకి ఎప్పటికీ రారు, వాళ్లు మీ రోల్స్‌లోనే ఉండరు. కానీ వాళ్ల మేస్త్రీ వాట్సాప్‌లో ఉంటాడు. 'నిన్న రాత్రి మీరు పట్టిన లారీలో రెక్కలు ఇలా ఉన్నాయి' అని ఫొటో పంపి, కోడిని ఒక కాలు పట్టి ఎత్తితే ఏమవుతుందో, రెండు కాళ్లూ పట్టి ఎత్తాలని ఎందుకు అంటున్నామో అరనిమిషం వాయిస్ మెసేజ్‌లో చెప్పండి. నేను చూసినంతవరకు ఆన్‌లైన్ శిక్షణలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చేది ఇదే. దీనికి ఏ ప్యాకేజీ అక్కర్లేదు.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. పొట్టలో పసుపు నీరు నిండిన కోడి, చర్మం కింద చీము పట్టిన కోడి, ఒళ్లంతా ముదురు రంగు తిరిగి రక్తం సరిగ్గా కారని కోడి, వీటిని లైన్ మీద పక్కకి తీసేవాళ్లకి ఫొటోల ఆల్బమ్ కావాలి. మామూలు కోడి ఫొటోలు కూడా సగానికి సగం కలపండి, లేకపోతే జబ్బు కోడి ఫొటోలే చూసి చూసి మంచివాటినీ తీసి పారేస్తారు. కోతకి ముందు కోడిని స్పృహ తప్పించే (స్టన్నింగ్) ప్లాంట్ అయితే స్టన్నర్ దాటాక ఏం చూడాలో వీడియోలోనే బాగా తెలుస్తుంది: మెడ వంపు తిరిగి ఉందా, రెక్కలు ఒంటికి అతుక్కున్నాయా, పొట్ట దగ్గర ఊపిరి ఒక లయలో ఆడుతోందా. ఊపిరి ఆడుతుంటే స్టన్నింగ్ సరిగ్గా జరగలేదన్నమాట. నడిచే లైన్ దగ్గర నిలబెట్టి చూపిస్తే కొత్తవాళ్లకి అది కళ్లకి ఆనకముందే దాటిపోతుంది. వీడియోని నెమ్మదిగా నడిపి, ఆపి, వెనక్కి తిప్పి చూపించే వీలు లైన్ మీద ఎక్కడుంది?

అత్యవసరంగా ఒక మాట అందరికీ చేరాలన్నా ఫోనే మేలు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు గుర్తుందా, ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల లారీలని తెలంగాణ సరిహద్దులోనే ఆపేశారు. అలాంటప్పుడు హ్యాంగింగ్ దగ్గర ఉన్నవాళ్లకి ఆ రోజే తెలియాలి: లారీలో చచ్చిన కోళ్లు మామూలు కంటే ఎక్కువ ఉన్నా, తలలు వాచినా, జుట్టు నీలంగా మారినా ముట్టుకోకుండా సూపర్‌వైజర్‌ని పిలవాలి, మాస్క్, గ్లవ్స్ తీయకూడదు. వచ్చే నెల క్లాసులో చెబుదాంలే అనుకునే సంగతి కాదది. నిమిషం వీడియో నాలుగు భాషల్లో చేసి, షిఫ్ట్ మొదలవక ముందు క్యాంటీన్ టీవీలో వేసేస్తే పని అయిపోతుంది.

ఇప్పుడు చేతి పనికి వద్దాం. పొట్ట తీసే చోటు చూడండి. మలద్వారం చుట్టూ గుండ్రంగా కోయాలి, పొట్ట చర్మం కొంచెం తెరవాలి, చెయ్యి లోపలికి పెట్టి కందనకాయ వెనక్కి వేళ్లు పోనిచ్చి మొత్తాన్ని ఒకే ఊపులో బయటికి లాగాలి. గంటకి వెయ్యి కోళ్లు నడిచే లైన్‌లో 3.6 సెకన్లకి ఒక కోడి వస్తుంది. ఆ పని దగ్గర నలుగురు నిలబడితే ఒక్కొక్కరికి 14 సెకన్ల చిల్లర. కత్తి మొన కొంచెం లోతుకి దిగిందంటే పేగు తెగి పెంట లోపలంతా పూసుకుంటుంది. సాల్మొనెల్లా, కాంపైలోబ్యాక్టర్ లాంటి జబ్బు పుట్టించే బ్యాక్టీరియా మాంసానికి అంటుకునే ముఖ్యమైన చోట్లలో అదొకటి. వేళ్లు గట్టిగా బిగిస్తే చేదుకట్టు పగిలి కార్జం పచ్చబడుతుంది. ఎంత బిగించాలో, ఎక్కడ వదలాలో వేళ్లకి తెలియాలి. దాన్ని వీడియో చెప్పలేదు, పక్కనున్న సీనియర్ కట్టర్ చేతి మీద చెయ్యి వేసి చూపించాల్సిందే.

అలాగని ఆ చోట వీడియో దండగ అనుకోవద్దు. కత్తి అంచు పేగు వైపు కాకుండా బయటికి తిరిగి ఉండటం, ఎడమ చెయ్యి ఎక్కడ పట్టుకోవాలి, పేగు తెగితే ఏం చేయాలి అన్నవి వీడియోలో చెప్పగలం. చివరిది మరీ ముఖ్యం. పేగు తెగగానే కొత్తవాళ్లు గబగబా నీళ్ల పైపు కొడతారు. దాంతో ఒక చోట ఉన్న మురికి కోడంతా పరుచుకుని పక్క కోళ్ల మీద కూడా చిందుతుంది. ఆ కోడిని లైన్ నుంచి పక్కకి తీసి, మురికైన చోటు కోసి పారేసి, అప్పుడు కడగాలి. ఇది ముందే స్క్రీన్ మీద చూసి ఉంటే లైన్ మీద సూపర్‌వైజర్ అరవాల్సిన పని సగం తగ్గుతుంది.

ఇక్కడే ఒక పక్క మాట. ఒక లారీ కోళ్లకి వరసగా పేగులు తెగుతుంటే కట్టర్‌ని ట్రైనింగ్‌కి పంపకండి. ఫామ్‌లో మేత ఎప్పుడు ఆపారో కనుక్కోండి. కోతకి 8 నుంచి 12 గంటల ముందు మేత ఆపాలి. అంతకంటే తక్కువైతే పేగులు నిండుగా ఉండి ముట్టుకుంటే పగులుతాయి, మరీ ఎక్కువసేపు పస్తు పెడితే పేగు గోడలు పలచబడి చేతిలోనే తెగిపోతాయి. ప్రతి సమస్యకీ 'రీ-ట్రైనింగ్ ఇచ్చాం' అని రాసేయడం మన పరిశ్రమలో పెద్ద జబ్బు. ఆన్‌లైన్ కోర్సు చేతిలో ఉంటే ఆ జబ్బు ఇంకా ముదురుతుంది, ఎందుకంటే నొక్కితే కోర్సు వెళ్లిపోతుంది, కారణం వెతకాల్సిన పని తప్పిపోతుంది.

మీరు వీడియో తీసేటప్పుడు కెమెరా మనిషి ఎదురుగా పెట్టకండి. ఎదురుగా పెడితే చూసేవాళ్లకి కుడి ఎడమలు తారుమారవుతాయి. కట్టర్ భుజం వెనక నుంచి, తల పక్కగా, చేతులు మాత్రమే కనిపించేలా తీయండి. ముఖం అక్కర్లేదు, దాంతో 'నా ఫొటో ఎక్కడికి వెళ్తుందో' అన్న భయం కూడా పోతుంది. అయినా ముందు అడిగి ఒప్పించాకే తీయండి. ఎడమచేతి వాటం వాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లకి ఏ కోర్సూ పనికిరాదు. అదే వీడియోని ఎడిటింగ్ యాప్‌లో అద్దంలో చూసినట్టు తిప్పేసి ఇస్తే సరి. ఇంత చిన్న పని ఎవరూ చేయరెందుకో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

లైన్ చప్పుడులో గొంతు వినపడదు, కాబట్టి వీడియో మూగగా తీసి, మాట విడిగా ఆఫీస్ గదిలో రికార్డు చేయండి. నిడివి నిమిషంన్నర, ఒక వీడియోకి ఒకే పని. మంచి కట్టర్ చేత ముందు మామూలు వేగంలో చేయించండి, తర్వాత అదే నెమ్మదిగా. ఆఖర్న తప్పు చేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూపించండి, పగిలిన పేగు, పచ్చబడిన కార్జం. తప్పుని మరీ ఎక్కువసేపు చూపిస్తే అదే గుర్తుండిపోతుంది.

భాష విషయంలో ఒక మెలిక ఉంది. మీ దగ్గర 'హిందీ వాళ్లు' అని రాసుకున్న జాబితాలో చాలామంది ఇంట్లో మాట్లాడేది భోజ్‌పురి, మైథిలి. ప్యాకేజీలోని 'సంక్రమణ్', 'స్వచ్ఛతా మానక్' లాంటి మాటలు వాళ్లకి మనకెంతో అంతే. వాళ్లలోనే గొంతు బాగున్న ఒకరిని కూర్చోబెట్టి, విషయం చెప్పి, వాళ్ల మాటల్లో చెప్పించండి. ఒడియాకీ బెంగాలీకీ అలాగే. ఆ గంటకి డబ్బులు ఇవ్వండి. తమ ఊరివాడి గొంతు వినపడితే వినే తీరే మారిపోతుంది. సబ్‌టైటిల్స్ మీద శ్రమ పెట్టకండి, చదవగలిగినవాళ్లు కూడా ఎనిమిది గంటలు నిలబడ్డాక చదవరు. తెలుగులో కూడా మీ ఊరి ఆడవాళ్లకి 'కాలేయం' అనకండి, కార్జం అనండి.

ఇక ఫోన్ల సంగతి. లోపలికి ఫోన్ రానివ్వకూడదు, అది మీ హైజీన్ రూలే. కాబట్టి 'ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకోండి' అంటే అది డ్యూటీ అయ్యాక, రూమ్‌కి వెళ్లాక అని అర్థం. చేయరు. చేయాలని అడగడం న్యాయం కూడా కాదు. పైగా ఎముకలు తీసే డీబోనింగ్‌లో పనిచేసే ఆడవాళ్లలో చాలామందికి సొంత స్మార్ట్‌ఫోన్ ఉండదు, ఇంట్లో ఒకటే ఉంటుంది, అది భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. మన పనికి వాళ్ల డేటా ఖర్చు పెట్టించడం ఏం బాగుంటుంది? ప్లాంట్‌వే నాలుగైదు టాబ్లెట్లు, డ్రెస్ మార్చుకునే గది పక్కన ఒక బెంచీ, క్యాంటీన్‌లో ఒక టీవీ, ఇవి చాలు. వీడియోలు టాబ్లెట్‌లోనే దాచి పెట్టండి, నెట్ మీద ఆధారపడొద్దు, రాత్రి రెండింటికి సిగ్నల్ ఉండదు.

కోత దగ్గర తీసిన వీడియోలు మాత్రం వాట్సాప్‌లో ఎప్పుడూ పెట్టకండి. బయటికి పోతే ముందూ వెనకా తెలియనివాళ్ల చేతుల్లో అది ఎలా తిరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అవి ప్లాంట్ టాబ్లెట్ దాటకూడదు.

ట్రైనింగ్ టైమ్ డ్యూటీ టైమే. ఓనర్‌గారికి ఇది ముందే లెక్క కట్టి చూపించండి: నెలకి మనిషికి అరగంట అనుకుంటే 180 మందికి 90 గంటల జీతం. డ్యూటీ అయ్యాక కూర్చోబెడితే అది ఓవర్‌టైమ్, రెట్టింపు ఇవ్వాలి. 'ఆన్‌లైన్ కాబట్టి టైమ్ పట్టదు' అన్న భ్రమ మీదే ఈ ప్యాకేజీలన్నీ అమ్ముడవుతాయి. షిఫ్ట్ మొదట్లో ఐదు నిమిషాలు, లైన్ కడిగే టైమ్‌లో ఒక పావుగంట, కోళ్ల లారీ ఆలస్యమైనప్పుడు దొరికే ఖాళీ, ఇలా ముక్కలు ముక్కలుగా వాడుకోవాలి. చిన్న వీడియోలు తీయమన్నది కూడా అందుకే.

కాంట్రాక్టర్ సాయంత్రం పది మందిని దింపి, రాత్రి షిఫ్ట్‌కే లైన్ ఎక్కించమంటాడు చూడండి, అక్కడ మాత్రం రికార్డు చేసిన ఇండక్షన్ (కొత్తవాళ్లకి మొదటి పాఠం) నిజంగా ఆదుకుంటుంది. సూపర్‌వైజర్ అలసిపోయి ఉన్నా, తొందరలో ఉన్నా, పది మందికీ అదే మాట, వాళ్ల భాషలో, ఏదీ వదలకుండా చేరుతుంది. చేతులు కడగడం, గంబూట్లు, జ్వరం, విరేచనాలు ఉంటే చెప్పాలని, చెప్తే ఆ రోజు జీతం పోదని (పోతుందంటే ఎవరూ చెప్పరు, కాబట్టి ముందు ఆ రూల్ మార్చండి), కత్తి కిందపడితే పట్టుకోబోవద్దని, ఎమర్జెన్సీ స్టాప్ ఎక్కడుందో. చల్లదనం కోసం అమోనియా ప్లాంట్ ఉంటే అలారం చప్పుడు కూడా వినిపించండి. అయితే లీక్ అయితే గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా బయటపడటం అనేది నడిచి చేయిస్తేనే వస్తుంది. డ్రిల్‌కి బదులు వీడియో చూపించామని రాసుకోకండి, ప్రాణాల మీదికొస్తుంది.

కత్తి సాన గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్యాకేజీల్లో ఇది దాదాపు కనిపించదు. చేతులు తెగడం గురించి అడిగితే అందరూ గ్లవ్స్ అంటారు. కత్తి పట్టని చేతికి స్టీల్ జాలీ గ్లవ్ ఉండాల్సిందే, నిజమే. కానీ మొద్దుబారిన కత్తితో బలం పెట్టి కోస్తారు, బలం పెట్టినప్పుడే జారుతుంది. మణికట్టు, భుజం నొప్పులకి కూడా ఇదొక పెద్ద కారణం. సాన రాయి మీద అంచు తీయడం వేరు, పని మధ్యలో స్టీల్ కడ్డీ మీద రెండు దువ్వులు దువ్వి అంచు సరిచేసుకోవడం వేరు. చాలామంది రెండోదే చేస్తూ మొదటిది జరిగిందనుకుంటారు. ఆస్ట్రేలియాలో మాంసం పరిశ్రమ కోసం దేశమంతటికీ ఒకే శిక్షణ ప్యాకేజీ ఉంది, అందులో కత్తులు సాన పెట్టడం ఒక విడి యూనిట్. వాళ్లు దాన్ని అంత ముఖ్యమనుకున్నారు. మన దగ్గర కత్తి ఇచ్చేటప్పుడు రిజిస్టర్‌లో సంతకం పెట్టిస్తాం, సాన ఎలా పెట్టాలో చెప్పం. రాయి మీద ఏ కోణంలో ఆనించాలి, అంచు లేచిందో లేదో ఎలా తెలుస్తుంది అన్నవి దగ్గర నుంచి తీసిన వీడియోలో బాగా కనిపిస్తాయి. చూసిన వెంటనే చేతికి రాయి, కత్తి ఇచ్చి కూర్చోబెట్టండి. కాగితం నిలువునా పట్టి కోస్తే చిరక్కుండా తెగాలి, అదే పరీక్ష.

పరీక్షలంటే గుర్తొచ్చింది. ఒక ప్లాంట్‌కి నన్ను పిలిచినప్పుడు అక్కడి రికార్డుల్లో అందరికీ వంద శాతం పూర్తయినట్టుంది. టైమ్ చూస్తే నలభై మంది కోర్సులు రాత్రి 11 దాటాక వరసగా, ఒక్కో మనిషికి మూడు నాలుగు నిమిషాల్లో, ఒకే ఫోన్ నుంచి పూర్తయ్యాయి. సూపర్‌వైజర్ కూర్చుని నొక్కేశాడు. అతన్ని తిట్టి లాభం లేదు, పైవాళ్లు అడిగింది శాతమే, అతను ఇచ్చిందీ శాతమే. ఆడిటర్లు ఇప్పుడు సర్టిఫికెట్లు లెక్కపెట్టరు. లైన్ దగ్గరికి వెళ్లి ఎవరో ఒకరిని ఆపి 'ఈ థర్మామీటర్ ఎక్కడ గుచ్చుతావు?' అని అడుగుతారు. రొమ్ము కండలో దళసరి చోట, ఎముకకి తగలకుండా అని చేసి చూపిస్తే పాస్. ఆన్‌లైన్ క్విజ్‌లో 'చేతులు ఎంతసేపు కడగాలి' అంటే అందరూ 20 సెకన్లు అనే నొక్కుతారు. మీరు సింక్ పక్కన నిలబడి వాచీ చూడండి, అప్పుడు తెలుస్తుంది.

అందుకే 'నేర్చుకున్నారు' అని రాసే అధికారం స్క్రీన్‌కి ఇవ్వకండి. ఇంగ్లండ్‌లో కోత దగ్గర పనిచేయాలంటే 2015 నిబంధనల ప్రకారం యోగ్యతా పత్రం కావాలి, దానికోసం అధికారిక వెటర్నరీ డాక్టర్ ఆ పని దగ్గరే నిలబడి చూసి పరీక్షిస్తాడు. మనం అంత దూరం పోకపోయినా, ప్రతి పనికీ ఐదారు ప్రశ్నల చీటీ పెట్టుకోవచ్చు. ఉదాహరణకి పొట్ట తీసే చోట: కత్తి అంచు బయటికి ఉందా, వరసగా ఇరవై కోళ్లలో ఎన్ని పేగులు తెగాయి, తెగినప్పుడు ఏం చేశారు, కత్తిని 82 డిగ్రీల వేడి నీళ్లలో ముంచారా. సూపర్‌వైజర్ చూసి టాబ్లెట్‌లోనే టిక్ పెడతాడు, కార్మికుడు వేలిముద్రో సంతకమో పెడతాడు. మూడు వారాల తర్వాత ఇంకోసారి చూడాలి, ముందుగా చెప్పకుండా. ఈ రికార్డు ముందు ఏ సర్టిఫికెట్టూ నిలవదు, ఆడిటర్‌కి కూడా ఇదే నచ్చుతుంది.

లైన్ మీద నిలబడేవాళ్లకి ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే పట్టుకునే హాసప్ పద్ధతి ఏడు సూత్రాలు చెప్పే కోర్సు పెట్టకండి. అది మీ టీమ్‌కి, ఆ ఎనిమిది మందికి. కోళ్లని చల్లబరిచే చిల్లర్ దగ్గర ఉన్న మనిషికి కావలసింది ఒక్కటే: కోడి లోపలి ఉష్ణోగ్రత 4 డిగ్రీలకి దిగకపోతే ఎవరికి చెప్పాలి, అప్పటిదాకా ఆ కోళ్లని ఎక్కడ పెట్టాలి. ఫ్రీజర్ దగ్గర మనిషికి మైనస్ 18. అంతే. పెద్ద మాటలు చెప్తే ఆ చిన్న సంగతి కూడా మరుగునపడుతుంది.

ఎనిమిది మంది సూపర్‌వైజర్లకి ఫోస్టాక్ ఆన్‌లైన్‌లో చేయించండి, కానీ అక్కడితో ఆపకండి. హైదరాబాద్ పక్కన చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ, కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ వాళ్లది, మీకు గంటన్నర రెండు గంటల దూరం. అక్కడ చేత్తో చేయించే శిక్షణలు ఉంటాయి. ఇద్దరిద్దరిని పంపండి. ఒకరికి నేర్పడం ఎలాగో కూడా సూపర్‌వైజర్లు నేర్చుకోవాలి, ఆ పని వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. మీ దగ్గర అందరికంటే వేగంగా కోసే కట్టర్‌నే ట్రైనర్ చేయాలని అనుకుంటారు. వద్దు. అతని చెయ్యి ఏం చేస్తుందో అతనికే తెలియదు. కొంచెం నెమ్మదిగా చేసినా, తను చేసేది మాటల్లో చెప్పగలిగే మనిషిని చూడండి. చాలాసార్లు అది డీబోనింగ్‌లో పాత ఆడమనిషి అవుతుంది, ఆమెని ఎవరూ అడిగి ఉండరు.

ఇంత చేశాక కూడా ఓనర్‌గారు సాఫ్ట్‌వేర్ కావాలంటే, అమ్మేవాళ్లని ఇవి అడగండి. మా వీడియోలు మేమే ఎక్కించుకోవచ్చా? ఒకే వీడియోకి నాలుగు గొంతులు పెట్టొచ్చా? ఒక టాబ్లెట్ మీద ఇరవై మంది వేర్వేరుగా లాగిన్ అవ్వొచ్చా, పాస్‌వర్డ్ టైప్ చేయకుండా, ఫొటో మీద నొక్కి? నెట్ లేకుండా నడుస్తుందా? లైన్ దగ్గర నింపే చీటీ అందులో ఉందా? రేపు మానేస్తే మా రికార్డులు మాకు ఎక్సెల్‌లో ఇస్తారా? వీటన్నిటికీ అవునంటే ముందు ఎనిమిది లాగిన్లు మాత్రమే తీసుకుని ఒక షిఫ్ట్‌లో నడిపి చూడండి. 'మా దగ్గర రెండొందల రెడీమేడ్ కోర్సులు ఉన్నాయి' అనే జవాబే వస్తుంటే టీ ఇచ్చి పంపేయండి.

ఆడిట్‌కి టైమ్ తక్కువ కాబట్టి అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ముందు ఇండక్షన్ నాలుగు భాషల్లో, తర్వాత పొట్ట తీసే చోటు, చిల్లర్ థర్మామీటర్, కత్తి సాన. మీ లైన్ వేగం ఎంత, పొట్ట తీసే చోట ఎంతమంది నిలబడతారు, కత్తులు సాన పెట్టేది ఎవరు అన్నవి రాస్తే, పొట్ట తీసే పని దగ్గర నేను వాడే చీటీ ఇక్కడే పెడతాను.